మంగళవారం మ్యాట్నీ

నవంబర్ 4, మంగళవారం

డాక్టరమ్మ ఈరోజు కూడా లేదట. నన్ను గేటు దగ్గర నిలబెట్టి ఆయనొక్కడే లోపలికి పోయాడు. గ్లాసెడు నీళ్లు తాగేంత సేపట్లో తిరిగి వచ్చాడు.

"లేదంట. పా, సినిమాకు పోదాం. బస్సు అయిదింటికి గదా, గందాక ఏం జేస్తం?"

వేపచెట్టు కింద డాక్టరమ్మ తెల్ల స్కూటర్ ఉంది. అలాంటి స్కూటర్లు భద్రాచలంలో చాలా ఉంటాయి.

టాకీసులో ఆడవాళ్ల వైపు నేను, మగవాళ్ల వైపు ఆయన. మధ్యలో నడుమెత్తు గోడ. ఇంటర్వెల్‌లో గోడ మీదుగా పల్లీల పొట్లం ఇచ్చాడు. "మంచిగున్నదా?" అన్నాడు. తల ఊపాను.

వచ్చేటప్పుడు మందుల షాపులో ఎర్ర బలం గోలీలు కొన్నాడు. ఇంటికి రాగానే అత్తమ్మ చేతిలో పెట్టి, "డాక్టరమ్మ మందులు మార్చిందే" అన్నాడు. అత్తమ్మ గోలీలను కళ్లకు అద్దుకుంది.

ఇది అయిదో సినిమా.

నవంబర్ 7

పొద్దున ఒక గోలీ, సాయంత్రం ఒక గోలీ. అత్తమ్మే నీళ్లు ముంచి ఇస్తుంది. మింగేదాకా ఎదురుగా నిలబడుతుంది. ఒంటికి మంచివే కదా.

నవంబర్ 9, ఆదివారం

పత్తి ఏరడానికి పోయాం. పక్క సాలులో కమ్లి. మా ఇంటికి రెండో ఇల్లు వాళ్లది.

"ఏమే సంగీతా, పెండ్లయి మూడేండ్లాయె. మా మేకకు గూడ మూడు ఈతలయినయ్" అంది.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అత్తమ్మ నవ్వలేదు.

"నా కొడుకు దవాఖానాకు తిప్పుతున్నడు. నీ మేకను ఎవడు తిప్పిండే?"

మా తండా భాషలో అంది. తెలుగులో రాస్తే అంత కారం ఉండదు.

కానీ ఇంటికి వచ్చేటప్పుడు, తల మీద పత్తి మూటతో, నా వైపు చూడకుండా అత్తమ్మ చెప్పింది. దుమ్ముగూడెం దగ్గర తండాలో ఆమె తమ్ముడి బిడ్డ ఉందట. ఉగాది దాకా చూస్తుందట. "నువ్వేడికి పోవు బిడ్డా. నువ్వు గూడ ఈడనే ఉంటవ్. ఇద్దరుంటరు" అంది.

చెడ్డగా చెప్పలేదు. నెమ్మదిగానే చెప్పింది.

నవంబర్ 18, మంగళవారం

ఆరో సినిమా.

బస్సులో ధైర్యం చేసి, "ఈసారి నేను గూడ లోపలికి వస్త" అన్నాను. ఆయన కిటికీలోంచి చూస్తూ "ఎందుకు?" అన్నాడు. నేను మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

మొదటిసారి, సెప్టెంబర్‌లో, ఇద్దరం లోపలికి పోయాం. డాక్టరమ్మ నన్ను పరీక్ష చేసి, "నీకేం తేడా కనబడతలేదమ్మా. ఇప్పుడు మీ ఆయనకు చెయ్యాలె" అంది. చిన్న ప్లాస్టిక్ డబ్బా ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని జేబులో వేసుకుని బయటికి వచ్చి మోరీలో పడేశాడు. "మొగోనికి పరీక్షేంది" అన్నాడు. చెవులు ఎర్రగా అయ్యాయి. ఆ రోజే మొదటి సినిమా.

ఆయన చెడ్డవాడు కాదు. కాగితం ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని, వారమంతా కట్టెలు మోసి, ఉన్న ఒక్క సెలవు నా కోసం పెడుతున్నాడు. తండాలో ఎవరు భార్యను సినిమాకు తీసుకుపోతారు?

సినిమా నడుస్తున్నంతసేపు గోడ అవతలికి చూస్తూనే ఉన్నాను. ఆయన తల ఏదో కనిపెట్టి, అది కదిలినప్పుడు నవ్వాను. ఇంటికి వచ్చి గుర్తు చేసుకుంటే కథ సగమే వచ్చింది.

నవంబర్ 30

ఎల్లుండి మంగళవారం. ఆయనకు ఫ్యాక్టరీలో ఓటీ డ్యూటీ ఉందట. "నువ్వొక్కదానివే పోయి రా. పోకుంటే అమ్మ అడుగుతది" అన్నాడు.

ఒక్కదాన్నే నేను ఎక్కడికీ పోలేదు.

డిసెంబర్ 2, మంగళవారం

మొత్తం రాయాలి.

పోయాను. డాక్టరమ్మ ఉంది. ఎప్పుడూ ఉంటుందట, ప్రతి మంగళవారం ఉంటుందట. "మీ ఆయన ఏడమ్మా? ఆయన రాకుంటే నువ్వొచ్చి ఏం లాభం?" అంది. చీటీ కూడా రాయలేదు. పావుగంటలో బయటికి వచ్చేశాను.

అయిదింటిదాకా ఎక్కడ కూర్చోవాలి? బస్టాండులో ఒంటరి ఆడమనిషిని అందరూ చూస్తారు. కాళ్లే టాకీసు వైపు నడిచాయి. మంగళవారం ఆ దారి తప్ప ఇంకో దారి తెలియదు.

ఆడవాళ్ల లైనులో ఆరుగురమే ఉన్నాం. మగవాళ్ల లైను రోడ్డు దాకా ఉంది. నా వంతు వచ్చేసరికి వెనక నుంచి ఒకతను నోటు చాపి, "అక్కా అక్కా, జర ఒక్క టికెట్ తీస్కోరాదు. ఆట మొదలైతది" అన్నాడు. అక్కడ అందరూ అలాగే అడుగుతారు, ఆడవాళ్లు తీసి ఇస్తారు. ఆయన ఉన్నప్పుడు నన్నెవరూ అడగలేదు. వద్దనడానికి నోరు రాలేదు. నోటు తీసుకున్నాను, టికెట్ ఇచ్చాను. అతని మొహం కూడా సరిగ్గా చూడలేదు.

గేటు దగ్గర టికెట్లు చింపే ముత్యాలు నాది చింపి, టార్చ్ వేసి బెంచీ చూపించాడు.

ఆశ్రమ స్కూలులో ఏడో తరగతిలో ఉన్నప్పుడు మా అందరినీ ఒకసారి సినిమాకు తీసుకుపోయారు. ఇద్దరిద్దరం చేతులు పట్టుకుని వరుసగా పోయాం. పాట వచ్చినప్పుడల్లా వార్డెనమ్మ "తలకాయలు దించుండ్రి" అనేది. నలభై మందిమి తలలు దించి పాటలు విన్నాం. తర్వాత ఆయనతో ఆరు సినిమాలు. ఆయన తల చూడడం, ఇంటికి పోయాక అత్తమ్మకు ఏం చెప్పాలో అనుకోవడం.

ఈరోజు తెర తప్ప ఏమీ చూడలేదు. సినిమాలో ఒక ముసలాయన ఎడ్లబండి అమ్మేస్తాడు. ఎడ్లు వెనక్కి తిరిగి చూస్తాయి. నా పక్కన ఎవరూ ఏడవలేదు. నేను ఏడ్చాను. కొంగు అడ్డం పెట్టుకోకుండానే ఏడ్చాను. తర్వాత నవ్వొచ్చిన చోట పైకే నవ్వాను. ఎవరూ తిరిగి చూడలేదు.

ఆట వదిలినప్పుడు గుంపులో ఆ టికెట్ అతను పక్కకు వచ్చి, "సినిమా మంచిగున్నది గదక్కా?" అన్నాడు. తల ఊపాను.

ఎదురుగా గాజుల బండి దగ్గర కమ్లి ఉంది.

డిసెంబర్ 3

కమ్లి బోరింగు దగ్గర నన్ను చూసి నవ్వింది. ఊరికే నవ్వి ఉంటుంది.

డిసెంబర్ 5, శుక్రవారం

ఊరికే కాదు.

పొయ్యి దగ్గర ఉన్నాను. అత్తమ్మ వచ్చి నా చేతిలో రొట్టె లాగి పడేసింది. వెనకాలే కమ్లి.

"ఎవడే వాడు?"

"ఎవరత్తమ్మా?"

"టాకీసు కాడ నోటు దీస్కున్నవంట. పక్కపక్కన నవ్వుకుంట వచ్చిండ్రంట. దవాఖానాకు పొమ్మంటె గిదా నువ్వు పోయేది?"

"టికెట్ తీయమన్నడు అత్తమ్మా. ఆడోళ్ల లైన్ల తక్కువుంటరని అందరు అడుగుతరు. లోపల ఆడోళ్లు వేరే కూసుంటరు, మొగోళ్లు వేరే. మధ్యల గోడున్నది."

"చీకట్ల గోడ ఎవలకు కనబడ్తది తల్లీ" అంది కమ్లి.

అప్పుడే ఆయన డ్యూటీ నుంచి వచ్చాడు. సైకిలు ఇంకా చేతిలోనే ఉంది. అత్తమ్మ అటు తిరిగింది. ఆమె ఎప్పుడూ టాకీసు చూడలేదు. కొడుకు ఏం చెబితే అది నమ్ముతుంది.

"కోట్యా, టాకీసుల ఆడోళ్లకు మొగోళ్లకు మధ్యల గోడుంటదా?"

అవును అంటే చాలు. ఒక్క మాట.

ఆయన సైకిలు స్టాండు వేశాడు. మళ్లీ తీసి మళ్లీ వేశాడు.

"నాకేం దెల్సు. నేనెప్పుడు పోయిన" అన్నాడు.

డిసెంబర్ 6

ఆయనకు తెలుసు.

డిసెంబర్ 7

ఆయనకు తెలుసు. ఆరుసార్లు ఆ గోడ మీదుగా పల్లీలు ఇచ్చాడు.

డిసెంబర్ 8

కోళ్ల గూడు మూస్తుంటే వెనక నుంచి వచ్చాడు. నా చేయి పట్టుకుని తన తల మీద పెట్టుకున్నాడు.

"దవాఖానా ముచ్చట మాత్రం అనకు. గోడున్నదంటె నేను పోయిన అన్నట్టయితది. పోయిన అంటె దవాఖానా ఏమాయె అంటరు. పరీక్షకు భయపడి ఉరికిండంటరు. తండాల నన్ను మొగోడే గాదంటరు సంగీతా."

"మరి నన్ను ఏమంటుండ్రు?"

"నాల్గు రోజులైతె మర్చిపోతరు."

అనను అని చెప్పాను. వాళ్లమ్మ ముందు నోరు రాదు ఆయనకు, పాపం. చిన్నప్పటి నుంచి అంతేనట.

డిసెంబర్ 10, బుధవారం

రేషన్ షాపు అరుగు మీద పంచాయితీ పెట్టారు. రామ్‌సింగ్ నాయక్ పెద్దమనిషి. నెమ్మదిగానే అడిగాడు.

"ఎవరితోటి పోయినవమ్మా?"

"ఒక్కదాన్నే పోయిన."

"ఒక్కదానివే పోయినవని ఎవరన్న జెప్తరా?"

ఎవరితోనైనా పోతే వాళ్లు చెబుతారు. ఒక్కదాన్నే పోతే ఎవరు చెబుతారు? వెనక ఎవరో నవ్వారు.

ముత్యాలును అడగమని చెబుదామనుకున్నాను. అతనికి ప్రతి మొహం గుర్తుంటుంది. కానీ ముత్యాలు నోరు తెరిస్తే ఈయన సంగతి కూడా చెబుతాడు. మాట ఇచ్చాను కదా. తల దించుకున్నాను. తల దించితే ఒప్పుకున్నట్టేనని ఎవరో అన్నారు.

మగవాళ్లలో ఆయన చివరన నిలబడ్డాడు. కాలితో రాయి దొర్లిస్తూ ఉన్నాడు.

ఇరవై ఒకటి ఆదివారం మళ్లీ కూర్చుంటారు. ఆ రోజుకు ఏన్కూరు నుంచి మా నాన్నను రమ్మని కబురు పెడతారట. తేలకపోతే నన్ను నాన్నతో పంపించేస్తారు. ఇప్పుడు ఉగాది దాకా కూడా లేదు. పదకొండు రోజులు.

డిసెంబర్ 11

ఎర్ర గోలీలు ఇవ్వలేదు.

డిసెంబర్ 12

అన్నం పెట్టి అత్తమ్మ పక్కకు జరిగింది. నేను ముట్టుకున్న చెంబు కడుక్కుంది.

డిసెంబర్ 14, ఆదివారం

చేనులో ఇద్దరమే ఉన్నాం. చాలాసేపటికి అత్తమ్మ పత్తి ఏరుతూనే అడిగింది.

"గోడ ఎంతెత్తు ఉంటది?"

"నా నడుమంత."

"దుంకితె?"

"ముత్యాలని గేటుకాడ ఉంటడు. టార్చ్ ఏసి తిడ్తడు."

"పడుసు పోరగాండ్లు దుంకరా?"

"ఒకసారి ఒకడు చెప్పు పడ్డదని దుంకిండు. ఆడోళ్లంత కలిసి ఇంకో చెప్పు గూడ గుంజుకున్నరు."

అత్తమ్మ మూతి బిగించింది. నవ్వు ఆపుకుంటే అలాగే బిగిస్తుంది. సాలు చివరకు వచ్చాక నడుము నిలబెట్టి, "నన్ను దీస్కపో. నా కండ్లతోని జూస్త. కమ్లి కండ్లు నాకెందుకు" అంది.

మంగళవారం పోదామన్నాను. మంగళవారం బస్సు ఖాళీగా ఉంటుంది. అందుకే అన్నాను.

డిసెంబర్ 15

ఆయనకు తెలిసింది. రేపు సెలవే కదా, నేను కూడా వస్తానన్నాడు. మొహంలో రక్తం లేదు.

"నువ్వొచ్చి ఏం జేస్తవ్ రా? నువ్వెప్పుడు పోయినవ్, నీకేం దెల్సు" అంది అత్తమ్మ.

కావాలని అనలేదు. ఆయన అన్న మాటే ఆమె అంది.

డిసెంబర్ 16, మంగళవారం

అత్తమ్మ అద్దాల రవిక, పండుగకు కట్టే పేటియా లంగా వేసుకుంది. చేతుల నిండా తెల్ల గాజులు. బస్సులో రెండు సీట్లు ఆమె గాజులకే పట్టాయి.

టాకీసు దగ్గర మగవాళ్ల లైను మళ్లీ రోడ్డు దాకా ఉంది. ఆడవాళ్ల లైనులో ముందు అత్తమ్మ, వెనక నేను. ఒకాయన ఉరికి వచ్చి, "అవ్వా, నీ కాళ్లు మొక్కుత, రెండు టికెట్లు తీయరాదు" అని నోటు చేతిలో పెట్టాడు.

"లైన్ల నిలవడ చాతగాదా? కాళ్లు ఇరిగినయా నీయి?" అని తిట్టుకుంటూనే ఆమె తీసి ఇచ్చింది. అతను దండం పెట్టి పోయాడు. అప్పుడు అత్తమ్మ తన చేతినే చూసుకుంది. తర్వాత నన్ను చూసింది.

"కమ్లి జూసింది గిదేనా?"

"అవ్."

మిగిలిన చిల్లర నడుము సంచిలో వేసుకుని లోపలికి నడిచింది.

లోపల బెంచీ మీద కాళ్లు మడిచి కూర్చుంది. లేచి పోయి గోడను చేత్తో తట్టింది. నడుముకు ఆనించి కొలుచుకుంది. మగవాళ్లు అటు నుంచి చూసి నవ్వారు. "ఏంది నవ్వుతుండ్రు" అనేసరికి నోళ్లు మూశారు.

లైట్లు తీసే ముందు ముత్యాలు వచ్చాడు. టార్చ్ నా మొహం మీద వేసి దించాడు.

"ఏందమ్మా, పల్లీలాయన రాలె? పోయినసారి గూడ రాకపాయె."

"ఎవల్ బిడ్డా?" అంది అత్తమ్మ.

"ఈమె పెనిమిటవ్వా. మంగళారం మంగళారం గీ గోడ మీదికెల్లి పల్లీలిస్తడు. అందరు ఇంటర్వెల్ల బీడీలకు ఉరుకుతరు, ఆయన గోడ కాడికొస్తడు. మంచోడు."

సినిమా మొదలైంది. ఏం సినిమానో నాకు తెలియదు.

ఇంటర్వెల్‌లో అడిగింది. "ఎన్ని మంగళారాలు?"

"ఆరు."

"మరి దవాఖానా?"

మాట ఇచ్చాను. మాట్లాడలేదు.

"గోలీలు?"

మాట్లాడలేదు.

నా మౌనం ఆమెకు అర్థం కావడం చూశాను. రొట్టె కాలుతున్నట్టు, ముందు అంచులు, తర్వాత మధ్య. మిగతా సినిమా మొత్తం ఆమె తెరవైపే చూసింది. సినిమాలో ఒక తల్లి కొడుకును కొట్టింది. "ఇంకోటి ఎయ్యి" అని పైకే అంది.

గోదావరి బ్రిడ్జి మీద బస్సులో అందరూ నీళ్లలోకి చిల్లర వేసి దండం పెట్టుకున్నారు. అత్తమ్మ నడుము సంచిలోంచి ఎర్ర గోలీల అట్ట తీసి కిటికీలోంచి విసిరేసింది. ఆమె కూడా దండం పెట్టింది.

ముత్యాలు అలా అంటాడని నాకు తెలియదు. నిజంగా తెలియదు.

డిసెంబర్ 17

తెలుసేమో.

డిసెంబర్ 21, ఆదివారం

మా నాన్న వచ్చాడు. తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని, తప్పు చేసినవాడిలా అరుగు అంచున కూర్చున్నాడు.

రామ్‌సింగ్ నాయక్ మొదలుపెట్టకముందే అత్తమ్మ లేచింది.

"నేను పోయి జూసొచ్చిన. గోడున్నది. నా నడుమంత ఉన్నది. ఆడోళ్ల దిక్కు మొగోడు అడుగువెడితె టార్చ్ ఏసి తరుముతరు. ఇగ టికెట్ అంటరా, నేను గూడ ఒక మొగోనికి తీసిచ్చిన. ఒకటి గాదు, రెండు. నాకు గూడ పంచాయితి వెడ్తరా నాయక్?"

అరుగంతా నవ్వింది. నాయక్ కూడా నవ్వాడు. "నేను జూసింది జెప్పిన, నాకేం దెల్సక్కా" అంది కమ్లి.

నాన్న తువ్వాలు భుజం మీద వేసుకున్నాడు.

అయిపోయింది. దవాఖానా మాట అత్తమ్మ ఎత్తలేదు. కొడుకు వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

డిసెంబర్ 22

"అమ్మకు ఏం జెప్పినవ్?" అన్నాడు.

"ఏం జెప్పలె."

నిజమే కదా.

డిసెంబర్ 26

అత్తమ్మ అన్నం వడ్డిస్తూ, "మంగళారం ముగ్గురం పోదాం" అంది. ఎక్కడికని ఆయన అడగలేదు.

దుమ్ముగూడెం సంగతి ఏమైందో నేనూ అడగలేదు.

డిసెంబర్ 30, మంగళవారం

తెల్ల స్కూటర్ వేపచెట్టు కిందే ఉంది. ముగ్గురం చూశాం.

లోపల ఆడవాళ్ల బల్ల ఒక వైపు, మగవాళ్ల బల్ల ఒక వైపు. మధ్యలో చెప్పుల వరుస. అత్తమ్మ ఏ బల్ల మీదా కూర్చోలేదు. గడప మీద కూర్చుంది, ఎవరూ లేచి పోకుండా.

ఆయన పేరు పిలిచారు. పోయాడు. తలుపుకు పరదా మాత్రమే ఉంది.

"ఏమయ్యా, సెప్టెంబర్ల రమ్మంటె ఇప్పుడొచ్చినవా?" డాక్టరమ్మ గొంతు.

ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. మళ్లీ "నాకేం దెల్సు" అంటాడనుకున్నాను.

"వచ్చినం మేడం. శానసార్లు వచ్చినం. గేటు కాడికెల్లే మర్లిపోయి సినిమా జూసినం. ఆమె తప్పేం లేదు. నాకే భయమయింది."

ఈ మాట కోసం ఇరవై అయిదు రోజులు ఎదురుచూశాను. వచ్చింది. రేషన్ షాపు అరుగు మీద రావలసింది, పరదా వెనక వచ్చింది. తండావాళ్లు ఒక్కరూ లేరు. గడప మీద అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

డబ్బా ఇచ్చి వచ్చాడు. ఏ సంగతీ వచ్చే మంగళవారం చెబుతారట.

బయట నిలబడ్డాం. ఒంటిగంట దాటింది. ఆయన నేల చూస్తూ, "సినిమాకు పోదామా?" అన్నాడు.

కోపం లేదు. ఉందేమో, తెలియదు. ఆయన పక్కన, గోడకు ఇటు కూర్చుని మళ్లీ ఆయన తల వెతకాలని మాత్రం అనిపించలేదు.

"మీరిద్దరు బస్టాండుకు పొండి. నేను ఆట జూసి వస్త."

"ఒక్కదానివా?" అంది అత్తమ్మ.

"అవ్."

ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "జల్దీ రా. అయిదింటి బస్సు మనకోసం ఆగది."

ఆయన పల్లీల బండి దగ్గరికి పోయి పొట్లం కట్టించి తెచ్చాడు. అందరి ముందూ చేతికి ఇచ్చాడు. తీసుకున్నాను.

లైనులో వెనక నుంచి ఎవరో, "చెల్లే, ఒక్క టికెట్..." అన్నాడు. "ఇయ్యాల తియ్య. లైన్ల నిలవడు" అన్నాను. అతను ఏమీ అనకుండా పోయి నిలబడ్డాడు. అంతే. అంత చిన్న మాట అది.

గేటు దగ్గర ముత్యాలు టికెట్ చింపి, నా వెనక చూశాడు.

"ఏందమ్మా, ఇయ్యాల ఒక్కతివేనా?"

"అవ్. ఒక్కదాన్నే వచ్చిన. ఎవరన్న అడిగితె గట్లనే చెప్పు."

"చెప్త తియ్యి" అని టార్చ్ వేసి బెంచీ చూపించాడు.